తెల్లగుడ్డ కట్టాక పట్టిన బొచ్చె

మాది గోదావరి జిల్లా అని చెబితే చాలు, ఉప్పల్‌లో మనుషులు నాకు ఈత వచ్చని, పడవ నడపడం వచ్చని, చేప కళ్లలోకి చూసి దాని వయసు చెప్పేస్తానని నమ్మేస్తారు. నమ్మమని నేను ఎవరినీ అడగలేదు. అలాగని వద్దనీ అనలేదు. నిజానికి నేను పెరిగింది నదికి చాలా దూరంలో, ఒక చిన్న ఊరి బస్టాండు వెనక వీధిలో. చేప మా ఇంటికి తట్టలో, ఒకావిడ నెత్తిమీద వచ్చేది. నది చూడాలంటే బస్సెక్కాలి. నాచారంలో నేను పనిచేసే కంపెనీలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అక్కడ నేను చిన్నప్పుడు పులసను నోటితో పట్టినవాడిని.

ఆ కథ ఎలా మొదలైందో నాకే సరిగ్గా గుర్తులేదు. కంపెనీ గేటు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో ఎవరో చేపల మాట ఎత్తారు. వరదలో మునిగి, కేకేద్దామని నోరు తెరిస్తే పులస వచ్చి పళ్ల మధ్య ఇరుక్కుందని నేను అన్నాను. ఊరికే అన్నాను. ఒకరు నవ్వితే ఆపేసేవాణ్ణి. కానీ మా ప్యాకింగ్ సూపర్‌వైజరు టీ కప్పు కింద పెట్టి, "మల్ల ఇడిసిపెట్టినవా అన్నా?" అని ఎంతో ఆందోళనగా అడిగాడు. అలా అడిగినవాడిని నిరాశపరచడం నాకు చేతకాదు. "తల్లి చేపరా, వదిలేశాను" అన్నాను. అప్పటినుంచి నేను జాలిగుండె ఉన్న గొప్ప వేటగాణ్ణి కూడా అయ్యాను.

ఇలాంటివాడికి నడివయసులో నిజంగానే గాలం వేయాలని బుద్ధి పుట్టింది. ఇన్నేళ్లుగా చెప్పిన అబద్ధాల్లో ఒక్కదాన్నయినా నిజం చేసుకోవాలనే ఆశ కావచ్చు. రీలు ఉన్న మంచి కర్ర కొన్నాను. వేయడానికి చెరువు కావాలి కదా. రామంతాపూర్ చెరువు దగ్గర కాసేపు నిలబడితే దోమలు తప్ప ఏవీ పలకరించలేదు. గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలని ఎవరో చెబితే, సెలవు పెట్టి మరీ చేపల ఆఫీసుకు వెళ్లాను.

అక్కడి గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"సంఘం మెంబరా సార్ మీరు?"

"కాదండి."

"మరి చేపలెందుకు పడ్తరు?"

"సరదాకండి."

ఆయన కాసేపు ఆలోచించాడు. "సరదాకు మా కాడ కాయితం లేదు సార్. చెరువు సంఘానికి లీజుకిచ్చినం. చేపపిల్లలు మేమిస్తం, పెంచేది వాళ్లు. నీళ్లల్ల ఉన్న చేప వాళ్లది. వాళ్లు సరే అంటే సరే, లేదంటే లేదు."

జరిగింది అంతే. మర్నాడు ఇరానీ హోటల్లో మాత్రం అది వేరేగా జరిగింది. ముగ్గురు ఆఫీసర్లు నన్ను ఇంటర్వ్యూ చేశారు. గుడ్డకింద దాచిన చేపల తోకలు తడిమి పేర్లు చెప్పమన్నారు. అన్నీ చెప్పాను. ఆఖరున ఒకాయన లేచి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, ప్రభుత్వ ముద్ర వేసిన లైసెన్సు చేతిలో పెట్టాడు. "ఏదీ సూపెట్టు" అన్నాడు సూపర్‌వైజరు. లామినేషన్‌కు ఇచ్చానన్నాను.

అసలు పర్మిషన్ దొరికింది చెంగిచెర్ల దాటాక ఉన్న ఒక చెరువు దగ్గర. పేరు చెప్పను, ఇప్పటికే వాళ్లకు నావల్ల అయిన సేవ చాలు. ఒకవైపు కొత్త అపార్ట్‌మెంట్లు నీళ్లలోకి తొంగిచూస్తుంటాయి, రెండోవైపు పాత కట్ట, తుమ్మచెట్లు, కట్టమీద రేకుల షెడ్డు. మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు ఆ షెడ్డు ముందు కూర్చుని నా కొత్త కర్రను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ వంచి చూసి, తిరిగి ఇచ్చాడు.

"ఒక్క కర్ర, ఒక్క గాలం. వల దెచ్చినవనుకో, వలతోని నీ బండి గూడ ఇక్కడ్నే ఉంటది. ఆదివారం పొద్దుగాల వొక్కటే. అరచెయ్యంత లేని చేప మల్ల నీళ్లల్లకే. పట్టింది ఏదైనా గానీ కావలాయనకు సూపెట్టాలె. ఆయన పో అంటేనే కట్ట దిగాలె. సూపెట్టకుంట దిగితే దాన్ని మేము దొంగతనమే అంటం."

"అలాగేనండి."

"ఇగ వానకాలం కొత్త నీళ్లు దిగంగనే తూము కాడ కట్టెకు తెల్లగుడ్డ కడ్తం. చేప కడుపుతోని ఉండే టైము. గుడ్డ ఇప్పేదాంక మా మెంబర్లే వల ముట్టరు. నువ్వైతే గాలం డబ్బ మూత గూడ తియ్యొద్దు."

"కాగితం ఏమైనా ఇస్తారా?"

"కాయితమెందుకు? నాది మాట, నీది మొఖం. సాలదా?"

నా మొహం చూసి ఒక మనిషి పర్మిషన్ ఇవ్వడం అదే మొదటిసారి. చాలా గర్వంగా అనిపించింది.

కావలాయన అంటే ఆ షెడ్డులో ఉండే పెద్దాయన. అందరూ మామ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఎప్పుడో తెప్పమీంచి రాళ్లమీద పడి కుడి భుజం చెడిపోయింది. చెయ్యి తలపైకి లేవదు, వల విసరలేడు. వల వేయలేనివాడికి సంఘంలో వాటా ఎందుకని కొందరు గొడవపడితే, అంతకుముందు వంతులవారీగా కాసే కావలిని అధ్యక్షుడు పూర్తిగా ఈయనకే అప్పగించాడట. "కావలి గాస్తుండు, వాటా దింటుండు. ఇగ మాట్లాడకున్రి" అన్నాడట. ఆ షెడ్డు ఉన్నంతకాలమే ఆయన సంఘంలో మనిషి. ఎండాకాలం చెరువు తగ్గి పెద్ద వల లాగినప్పుడు మిగతావాళ్లతోపాటు కట్టమీద నిలబడే హక్కు ఆ షెడ్డువల్లే. ఈ మాట ఆయనే నాకు చెప్పాడు, బాధగా కాదు, బీడీ ముట్టించుకుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టు.

నాకు గాలానికి జిలేబీ చేపపిల్లలు తప్ప ఏవీ పడేవి కావు. అవీ అరచేయంత ఉండేవి కావు. ఆయన దగ్గర కూర్చుని, గోధుమపిండిలో పల్లీచెక్క కలిపి ఎర ఉండలు చేస్తూ, కథలు చెప్పేవాణ్ణి. అసలు పని అదే. ఇరానీ హోటల్ జనం కథను నవ్వడానికి వినేవాళ్లు. ఈయన తెలుసుకోడానికి వినేవాడు. జీవితమంతా ఈ ఒక్క చెరువు నీళ్లే చూసినవాడు. గోదావరి ఎంత వెడల్పు, అవతలి గట్టుమీద మనిషి కనపడతాడా, చేప ఎదురీదితే నీళ్లు చీలినట్టు గీత వస్తుందా అని అడిగేవాడు. వస్తుందనేవాణ్ణి. నీళ్లమీద తేలే గాలం బెండు కదలని పొద్దుల్లో, "సార్, ఆ నోట్లెకొచ్చిన చేప ముచ్చట ఇంకొక్కపారి జెప్పు" అనేవాడు. ఒకసారి చెప్పినదానికీ మళ్లీ చెప్పినదానికీ తేడా వస్తే ఆయనే సర్దేవాడు. "పోయినపారి ఎడమ దిక్కు కెల్లొచ్చింది అంటివి గద."

వెళ్లేముందు సంచీ చూపించబోతే ఆయన అటు చూసేవాడే కాదు. నా మొహంవైపే చూస్తూ, "పో సార్, పైలం" అనేవాడు.

ఇంటికి మాత్రం నేను ఉత్తచేతులతో వెళ్లేవాణ్ణి కాను. దారిలో ఉప్పల్ చేపల మార్కెట్ ఉంది కదా.

కిందటి వానాకాలం ఆషాఢంలోనే మంచి వానలు పడి చెరువులోకి కొత్త నీళ్లు దిగాయి. తూము దగ్గర తెల్లగుడ్డ లేచింది. ఆదివారాలు నాకు పనిలేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే ఇరానీ హోటల్లో సూపర్‌వైజరుకు నామీద అనుమానం వచ్చింది.

"అన్నా, ఏడాదాయె లైసెన్స్ దీసి. ఒక్క ఫోటో లేదు. నువ్వు గాలం వేస్తున్నవా, చెరువుకు సలాం గొట్టొస్తున్నవా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నామీద అంతకన్నా పెద్ద జోకులు పడ్డాయి, ఏనాడూ పట్టించుకోలేదు. ఆ రోజెందుకో గుచ్చుకుంది. ఇన్ని అబద్ధాలు చెప్పాను, ఒక్క నిజం మాత్రం ఉంది: నేను నిజంగానే ప్రతి ఆదివారం ఆ కట్టమీద కూర్చున్నాను. వీళ్లు అన్నీ నమ్మి ఆ ఒక్కదాన్నీ నమ్మడం మానేస్తున్నారు.

ఆదివారం పొద్దున్నే మార్కెట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద బొచ్చె కొన్నాను. గంపెడు తల, అరచేతులంత పొలుసులు. సంచీలో చుట్టి స్కూటర్ మీద కాళ్లమధ్య పెట్టుకుని చెరువుకు వెళ్లాను. గాలం వేయడం తప్పుగానీ ఫోటో తీసుకోవడం తప్పని అధ్యక్షుడు అనలేదు కదా, అదీ నా లెక్క. మామ రోజూ ఆ వేళకు చెరువు అవతలి కొసకు నడిచి, ఎవరైనా వలలు పెట్టారేమో చూసొస్తాడు. తుమ్మచెట్ల వెనక నక్కి, ఆయన నల్లగొడుగు అవతలి కొస చేరేదాకా ఆగాను. ఆయనతో చెప్పి తీసుకుంటే నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆయన ముందు బజారు చేపను బయటికి తీయలేకపోయాను. ఆయన ఒక్కడి దగ్గర నేను నిజమైన వేటగాణ్ణి.

ఫోను రాయికి ఆనించి, టైమర్ పెట్టి, చచ్చిన చేప పెదవికి నా గాలం నేనే గుచ్చి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. అది జారిపోతుంటే పొట్ట బిగబట్టి దానికి ఆనించాను. ఫోటో చూస్తే నాకే నాపై గౌరవం కలిగింది. చేప బాగా వచ్చింది, మీసం బాగా వచ్చింది. నా భుజం వెనక తూము, తూము దగ్గర కట్టె, కట్టెకు గాలికి రెపరెపలాడుతున్న తెల్లగుడ్డ కూడా ఎంతో బాగా వచ్చాయి. అవి నేను చూడలేదు. చేపను, మీసాన్ని చూసుకున్నాను.

సోమవారం కథ చెప్పాను. అది నన్ను నీళ్లలోకి లాక్కుపోవడం, నేను తుమ్మమొద్దును కాళ్లతో చుట్టేయడం, అదీ నేనూ ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకోవడం. సూపర్‌వైజరు నా ఫోను లాక్కుని ఫోటో తన గ్రూపులన్నిటికీ పంపేశాడు. "మా అన్న, గోదావరి పులి, ఒక్క గాలం" అని కింద రాశాడు. నాచారం పారిశ్రామికవాడలో చెంగిచెర్ల నుంచి వచ్చి పనిచేసేవాళ్లు ఎంతమంది ఉంటారో నేను ఆలోచించలేదు.

తర్వాతి ఆదివారం ఊరికే మామను పలకరిద్దామని మిర్చిబజ్జీలు కట్టించుకుని వెళ్లాను. షెడ్డుకు తాళం వేసి ఉంది. అధ్యక్షుడు కట్టమీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టలేదు.

"ఇంకేమన్న మిగిలినయా సార్, పట్కపోనీకి?"

ఏమైందని అడిగాను. ఆయన ఫోను తీసి నా ఫోటో నాకే చూపించాడు. వేలితో చేపను కాదు, వెనకనున్న తెల్లగుడ్డను చూపించాడు.

"గుడ్డ కట్టినంక తీసిన చేప. కడుపుతోని ఉన్న తల్లి. కావలాయనేమో నేను సూడలే అంటడు. గంత చేప కట్ట దిగుతుంటే కావలోడు సూడలేదంటే రెండే రెండు మాటలు. ఒకటి, పండుకున్నడు. రెండు, అమ్ముకున్నడు. మొదట్నే ఆయన వాటా మీద కండ్లున్నయి కొందరికి. ఇప్పుడు నేనేం జెప్పాలె వాళ్లకు? కావలి బందు వెట్టినం. మీటింగుల తేల్చుకుంటరు, మెంబర్‌గ ఉంచుడో తీసేసుడో."

నా చేతిలో బజ్జీల పొట్లం నూనె కారుతోంది. "అది ఈ చెరువు చేప కాదండీ" అన్నాను. "ఉప్పల్ మార్కెట్లో కొన్నాను. ఫోటో కోసం తెచ్చాను. ఒట్టు."

అధ్యక్షుడు మొదటిసారి నవ్వాడు. అది నేను కోరుకునే నవ్వు కాదు.

"సార్, ఇన్నేండ్లల్ల మేము పట్టుకున్న ప్రతి దొంగ గదే మాట అన్నడు. బజార్ల కొన్న, ఈడ కడుక్కుంటున్న అని. నువ్వు కథలు మంచిగ జెప్తవ్ అని మామ అంటుండె. జర కొత్తది జెప్పరాదు?"

నా జీవితంలో నేను చెప్పిన నిజాల్లోకెల్లా పెద్ద నిజం అది. ఎదుటివాడికి అది నా అబద్ధాల్లోకెల్లా నాసిరకంగా కనిపించింది.

అక్కడినుంచి నేరుగా మార్కెట్‌కు వెళ్లాను. చేప అమ్మినావిడ కత్తి ఆపకుండానే, "పోయిన ఐతారం బొచ్చె ఎవరు కొన్నరో యాదిపెట్టుకుంట కూసుంటే నా బేరమెట్లయితది?" అంది. న్యాయమే.

మామ ఇల్లు చెంగిచెర్ల పాత ఊళ్లో. వెళ్లేసరికి గడపలో కూర్చుని ఉన్నాడు. పని లేని పగలు ఆయనకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్లమీద బోర్లించుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తెచ్చాడు. తిట్టలేదు. తిడతాడని, తిడితే బాగుండునని దారిపొడవునా అనుకుంటూ వచ్చాను.

"ఒక్కటే అడుగుత సార్," అన్నాడు. "నేను అవుతలి కొసకు పోయినప్పుడా, నువ్వు పట్టింది?"

"అవును... కాదు మామా. పట్టలేదు."

"గదే అనుకున్న. ఆ పొద్దు పోకపోతుంటి. మోకాలు నొస్తుండె. పోవాల్నా వద్దా అనుకుంటనే పోయిన. నేనుంటే, సార్ గుడ్డ కట్టినం గదా, వద్దు అనేటోన్ని. నువ్వు ఇంటుంటివి. నాదే తప్పు. కావలి ఇడిసి పోయిన."

"మామా, అది బజారు చేప. నేను కొని తెచ్చాను."

ఆయన నన్ను చూసిన చూపు ఇంకా నా మీదే ఉంది. ఎంతో ప్రేమగా చూశాడు.

"నాకోసం అబద్ధం జెప్పకు సార్. నీ ఇజ్జత్ ఎందుకు తీసుకుంటవ్? పోయింది పోయింది." గొంతు తగ్గించి, దొంగతనంగా అడిగాడు. "గని, గంత బొచ్చెను ఒక్క గాలం మీదనే తీసినవా? తీగ తెగలేదా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోతే ఆయన తల ఊపాడు, అన్నీ అర్థమైనట్టు. మనవాడు గొప్పవాడన్నట్టు. బజ్జీల పొట్లం ఆయన గడపలో పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ ముందు కూర్చున్నాను. ఆవిడ పుట్టింది, పెరిగింది రామంతాపూర్‌లోనే. నేను గోదావరినుంచి తెచ్చుకున్న మాటలేవీ ఆవిడకు అంటలేదు, పెళ్లై ఇన్నేళ్లయినా.

"మొన్న తెచ్చిన బొచ్చె ఉంది చూడు, అది చెరువుది కాదు. కొన్నాను."

"ఎర్కే," అంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"ఎప్పటినుంచి?"

"మీరు తెచ్చిన మొదటి చేప కాడికెల్లి. చెరువుల పట్టిన చేప మొప్పల్ల ఐసుముక్కలెట్లుంటయి?"

"మరి ఒక్కసారీ అనలేదేం?"

"ఎందుకనాలె? పులుసు మంచిగైతుండె. మీరు చెప్పుకుంట తింటుంటే మీ మొఖం మస్తు కలకల్లాడుతుండె. ఎవ్వరికేం నష్టం అనుకున్న."

ఎవరికి నష్టమో చెప్పాను. ఈనెలు తీసే చేతులు ఆగిపోయాయి.

"మీటింగు ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

సంఘం గదిలో నేలమీద చాపలు పరిచి ఉన్నాయి. మెంబర్లంతా కూర్చున్నారు. మామ లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, చెప్పులు చేతిలో పట్టుకుని. ఆ గదిలో ఇంకా తన చోటు ఉందో లేదో తెలియని మనిషి అలాగే నిలబడతాడు. నేను మొదట మాట్లాడబోయాను. "నువ్వు ఆగు సార్, నీ కథ మాకెర్కే" అన్నారెవరో. అప్పుడు మా ఆవిడ లేచింది.

"అన్నా, ఈయన దెచ్చిన చేపలన్నీ ఇంట్ల కోసింది నేను. ఒక్కటి గూడ నీళ్లకెల్లి దెచ్చింది కాదు. అన్నీ బజార్ల కొన్నయే. ఆ బొచ్చె గూడ గంతే."

అధ్యక్షుడు మర్యాదగానే అన్నాడు. "మొగని కోసం జెప్తున్నవేమో చెల్లె."

"మొగని కోసమైతే మంచి మాట జెప్పనా? గిట్ల నలుగుట్ల ఇజ్జత్ దీసుకుంటనా? ఇనున్రి. ఈయనకు ఈత రాదు. పెండ్లైన కొత్తల సాగర్ల లాంచి ఎక్కితే, దిగేదాంక నా కొంగు పట్టుకొని కండ్లు మూసుకొని కూసున్నడు. బతికున్న చేప చేతిల కొట్టుకుంటే ఇడిసిపెట్టి దూరం దుంకుతడు. గంత బొచ్చె నిజంగ గాలానికి పడితే, ఈయన్నే అది పట్కపోతుండె."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చాపలన్నీ నవ్వాయి. ఆవిడ నవ్వలేదు.

"కడుపుతోని ఉన్న చేప అంటున్రు. కోసిన. గుడ్లు లేవు. కడుపునిండ పచ్చగ కొవ్వున్నది. దాణా తిని పెరిగి, ఐసుల పండుకొని లారీల వచ్చిన చేప అది. మీకు నేను జెప్పాల్నా?"

నవ్వు ఆగింది. చేపల మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ కొవ్వు సంగతి వాళ్లకు తెలుసు. దాణా తినని వాళ్ల చెరువు చేపకు అది ఉండదు.

అధ్యక్షుడు నావైపు తిరిగాడు. "నిజమేనా సార్?"

"నిజమే."

"ఈత రాదా?"

"రాదు."

"నోట్లెకొచ్చిన చేప?"

గుమ్మం దగ్గర మామ ఉన్నాడు. అటు చూడకుండా చెప్పాలనుకున్నాను, చూశాను. "రాలేదు" అన్నాను.

మళ్లీ నవ్వు. ఈసారి అధ్యక్షుడూ నవ్వాడు. షెడ్డు తాళంచెవి జేబులోంచి తీసి, గుమ్మం దాకా నడిచి, మామ చేతిలో పెట్టాడు. వాటా మీద కన్నున్నవాళ్లు కూడా ఏమీ అనలేకపోయారు. నవ్వినవాళ్లు వెంటనే గొడవపడలేరు. నా దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "గుడ్డ ఇప్పినంక రా సార్. గాలం మానకు. ఫోటోలు మాత్రం దియ్యకు." శిక్షేదైనా వేస్తారని సిద్ధపడి వచ్చాను. వేయలేదు. ఒక జరిమానా అయినా వేసి ఉంటే కట్టేసి, చెల్లయిపోయిందనుకుని నిద్రపోయేవాణ్ణేమో.

బయట మా ఆవిడ స్కూటర్ దగ్గర నిలబడింది. మామ నాకోసం ఆగాడు.

"నిజంగనే పట్టలేదా సార్?"

"లేదు మామా."

"నేను అందరికీ జెప్పిన." తాళంచెవిని చూసుకుంటూ మాట్లాడాడు. "కావలి పోయిందని తిడ్తుంటే గూడ జెప్పిన. తప్పు నాదే గని, ఆ మనిషి ఉత్తోడు కాదు, ఒక్క గాలం మీద తీసిండు, గోదావరాయన అని. మా ఇంటోళ్లకు గూడ జెప్పిన." తలెత్తి నన్ను చూశాడు. "మరి అవన్నీ?"

ఏవన్నీ అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అవతలి గట్టు కనపడనంత వెడల్పు, చీలిన నీళ్లు, తల్లి చేప.

"అవి కూడా" అన్నాను.

కావలి పోయినప్పుడు కూడా ఆయన మొహం అలా అవలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెరువువైపు నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఇరానీ హోటల్లో జరిగిందంతా చెప్పాను. లైసెన్సు లేదని, ఇంటర్వ్యూ లేదని, బొచ్చె బజారుదని, ఒక ముసలాయన పొట్ట కొట్టబోయానని. సూపర్‌వైజరు చివరకు తొడ చరిచాడు. "అన్నా, అన్నిట్ల గిదే హైలైట్! మీటింగుల వదిన లేసుడైతే మస్తుంది!" నేను కాదు, నిజమే అంటే ఇంకా నవ్వారు. టీ వాళ్లే ఇప్పించారు.

దసరా అయ్యాక తూము దగ్గర గుడ్డ విప్పారు. వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. మామ కుర్చీ వేశాడు, టీ పోశాడు. ఉల్లిగడ్డ రేటు అడిగాడు, నాచారం రోడ్డు తవ్వింది పూడ్చారా అని అడిగాడు. అన్నిటికీ సరైన జవాబులే చెప్పాను. బెండు కదలని పొద్దు చాలా పొడుగ్గా గడిచింది. ఆయన కథ అడగలేదు. చెప్పనా అని నేనూ అనలేదు. అలా ఎన్నో ఆదివారాలు గడిచాయి.

చలికాలంలో ఒకరోజు బెండు ఒక్కసారిగా మునిగింది. మా ఆవిడ చెప్పినట్టే వదిలేసి దూరం దూకబోయాను, కానీ తీగ మణికట్టుకు చుట్టుకుపోయి వదల్లేకపోయాను. ఎలాగో లాగాను. రవ్వ చేప. పెద్దదేం కాదు, మోచేయంత. నా జీవితంలో నేను పట్టిన, అరచేయి దాటిన మొదటి చేప. సంచీలో వేసుకుని, పరుగులాంటి నడకతో షెడ్డు దగ్గరికి వెళ్లాను. "మామా, పడింది!" అన్నాను. ఆయన అటు తిరిగి ఉన్నాడు.

ఇటు తిరిగినా నా మొహంవైపు చూడలేదు. వచ్చి సంచీ అందుకుని, లోపల చెయ్యి పెట్టి, రవ్వను తీసి కట్టమీద గడ్డిలో పడుకోబెట్టాడు. రెండు చేతులూ మోకాళ్లమీద ఆనించుకుని వంగి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. చేప కదల్లేదు. బజారు చేప కూడా ఇలాగే కదలకుండా పడి ఉంటుంది. కదలవే, తల్లీ, అని లోపల ఎంత మొక్కుకున్నానో. చాలాసేపటికి అది తోకతో గడ్డిని ఒక్కటి చరిచింది.

"పో సార్," అన్నాడు మామ.